మా 89సీ51 ఇక రాదట

ఇంజనీరింగ్ చదివిన మా మేనల్లుడికి ఏ బోర్డు చూపించినా ఒకటే మాట, "మార్చేద్దాం మామా." విరుదునగర్ పప్పుల మండీ నుంచి మరమ్మతుకు ఒక కాటా వచ్చింది, దానికీ అదే మాట. ఇనుప పళ్లెం గట్టిగానే ఉంది, లోడ్ సెల్ బాగుంది, ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. పోయింది ఒక్క చిప్పు. దానికోసం పెట్టెంతా ఎందుకు మార్చాలిరా అంటే, ఆ చిప్పును కంపెనీ ఆపేసిందట!

ఆట్మెల్ 89సీ51. నలభై కాళ్లది. మా రోజుల్లో కోవిల్‌పట్టిలో నేను ఏ పెట్టె విప్పినా దాదాపు అదే కనపడేది. దాని మూలపురుషుడు 1980లో ఇంటెల్ తెచ్చిన 8051. ప్రోగ్రాముకు 4 కిలోబైట్లు, ర్యామ్ 128 బైట్లు. అంత చిన్న కొంపలోనే బరువు చదవాలి, సున్నా పట్టాలి, అంకె చూపించాలి, బిల్లు ప్రింటరుకు పంపాలి. పక్కన 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండేది. ఆ వంకర అంకె ఎందుకో మావాడికి తెలియదు. నిండుగా 12 వేస్తే ప్రింటరుకు పంపే 9600 బాడ్ వేగం సరిగ్గా కుదరదు, ప్రింటరు చెత్త కొడుతుంది. ఇవన్నీ నోటికి వచ్చేవి మాకు.

అంతకు ముందు 8751 ఉండేది, నడినెత్తిన గాజు కిటికీతో. రాసింది చెరపాలంటే అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. పని అయ్యాక కిటికీ మీద స్టిక్కరు అంటించకపోతే ఎండకే మెల్లగా చెరిగిపోతుంది. మా కోవిల్‌పట్టి ఎండ సంగతి చెప్పాలా?

ఇంటెల్ 2006లో ఈ 8051 వరస ఆపేస్తామని చెప్పి, మరుసటి ఏడు ఆపేసింది. మాకు చీమ కుట్టినట్టయినా లేదు, ఆట్మెల్ ఉందిగా అనుకున్నాం. ఆ ఆట్మెలే తర్వాత 89సీ51 కాగితాల మీద 'కొత్త డిజైన్లకు వద్దు, 89ఎస్51 వాడండి' అని అచ్చేసింది. 2016లో ఆట్మెల్‌నే మైక్రోచిప్ కొనేసింది.

ఎస్51 చెడ్డదని అనను. అదే సాకెట్లో కూర్చుంటుంది, అదే ప్రోగ్రాం నడుపుతుంది, బోర్డు మీద ఉండగానే రాసుకోవచ్చు. కాకపోతే చిప్పులో ప్రోగ్రాం రాసే నా పాత ప్రోగ్రామర్ పెట్టె దాన్ని గుర్తుపట్టదు. సరే, ఇంకోటి కొన్నాం.

అసలు ఏడుపు వేరే. లోపల ఉన్న ప్రోగ్రాం ఏది? కాటా చేసినవాళ్లు లాక్ బిట్లు వేసి పెట్టారు. చదవబోతే చదవనివ్వదు, తాళం తీయాలంటే లోపలిదంతా చెరిపేయాలి. రాసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో, ఆ కంపెనీ ఉందో లేదో! అందుకే చచ్చిన బోర్డుల నుంచి ఆయువున్న చిప్పులు లోపలి ప్రోగ్రాంతో సహా పీకి దాచుకుంటున్నాను.

కొత్తవి కావాలంటే రాత్రి ముత్తునగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోవాలి. అక్కడ కళ్లు నాలుగు చేసుకోవాలి. పాత చిప్పును సాన పట్టి, నల్లరంగు పూసి, కొత్త పేరు అచ్చేసి అమ్మేవాళ్లున్నారు. దూదికి అసిటోన్ అద్ది రుద్దితే పేరు దూదికి అంటుకొస్తుంది. కాళ్లకు పాత టంకం మరకలుంటాయి. చిప్పు మీద తయారైన వారం చెప్పే అంకె కొత్తగా ఉంటే మరీ అనుమానించాలి. బేరం తమిళంలోనే ఆడతాను. తిట్టడానికి మాత్రం మా ఇంటి తెలుగే బాగుంటుంది.

మావాడు ఎస్‌టీఎం32 అనే కొత్త చిప్పు వేద్దామంటాడు. చవకే, బలమైనదే. దాని మాన్యువల్ వెయ్యి పేజీలు దాటింది, ఎవడు చదివాడు? మా సీ51 కాగితాలు ఇరవై కూడా లేవు. 2021 చిప్పుల కరువులో ఆ కొత్త చిప్పు కోసమే జనం తిప్పలు పడ్డారు, మరి అదెక్కడి భరోసా?

నేను ప్రోగ్రాం రాసిన కాటాలకు తాళం వేయను. హెక్స్ అంకెలు అచ్చేసి, ఆ నాలుగైదు కాగితాలు మడిచి పెట్టె మూత లోపల అంటిస్తాను. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు కదా మామా అని నవ్వుతాడు వాడు. నవ్వనీ. ఈ మండీ కాటా ప్రోగ్రాం ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో కనుక్కురమ్మని పంపాను. ఇంకా రాలేదు.