తాకా దారిలో మంద

1971 అక్టోబర్ 2న ఒమన్ దక్షిణాన, ధోఫార్ కొండల మీద సుల్తాన్ కాబూస్ సైన్యం పెద్ద దాడికి దిగింది. పేరు ఆపరేషన్ జాగ్వార్. అక్కడ విమోచన పోరాటం మొదలై అప్పటికి ఆరేళ్ళు. కొండల్లో చాలా భాగం తిరుగుబాటుదారులదే. ప్రభుత్వానికి మిగిలింది సలాలా పట్నం, తీరం వెంబడి కొన్ని ఊళ్ళు.

వాళ్ళు ఊరికే తిరగబడలేదు. కాబూస్ తండ్రి సయీద్ బిన్ తైమూర్ ఏలినన్నాళ్ళూ దేశం మొత్తానికి ఉన్న బడులు మూడే. 1970 జులైలో బ్రిటిష్ వాళ్ళ అండతో కొడుకే తండ్రిని గద్దె దించాడు. అయినా పోరాటం ఆగలేదు. పక్కనున్న దక్షిణ యెమెన్ మీదుగా ఆయుధాలు వస్తూనే ఉన్నాయి.

దాడి నడిపే బ్రిటిష్ కల్నల్ జానీ వాట్స్ దగ్గర వెయ్యి మంది కూడా లేరు. బ్రిటిష్ ప్రత్యేక దళమైన ఎస్ఏఎస్ స్క్వాడ్రన్లు రెండు, కొంత సుల్తాన్ సైన్యం, కొందరు బలూచీలు. వీళ్ళకు దారి చూపేది ఫిర్కాలు. అంటే కొండవాళ్ళతోనే కట్టిన దళాలు. ఏ గుహలో మనుషులు దాక్కుంటారో, ఏ వాగులో నీళ్ళుంటాయో వాళ్ళకు కొట్టిన పిండి. జీతం సుల్తాన్ ఇస్తాడు.

మొదటి రోజుల్లో పోరు గట్టిగానే సాగింది. ఇంతలో రంజాన్ వచ్చింది. మతపెద్దలు మినహాయింపు ఇచ్చినా ఉపవాసాల్లో యుద్ధం చెయ్యం అన్నాయి ఫిర్కాలు. వాట్స్ మండిపడ్డాడు. వాళ్ళు కదల్లేదు.

నెల గడిచింది. ఈసారి పశువుల మాట ఎత్తారు.

ధోఫార్ కొండవాడికి ఆస్తి అంటే పశువులే. ఖరీఫ్ జల్లులకు పచ్చబడే ఆ కొండల మీద పొట్టి ఆవులు మందలు మందలుగా మేస్తాయి. జల్లులు వెళ్ళిపోయాయి. గడ్డి ఎండుతోంది. సంతకు తోలుకెళ్దామంటే దారి పొడుగునా యుద్ధం. మా పశువులు అమ్ముడుపోయే దారి చూపండి, అప్పటిదాకా తుపాకీ పట్టం అని తేల్చేశారు.

వాళ్ళు లేకపోతే దాడి లేదు. సైన్యం ఒప్పుకుంది.

నవంబర్ చివర్లో మంద కదిలింది. దానికీ ఒక పేరు పెట్టారు, ఆపరేషన్ టారస్ అని. వందలాది ఆవులు కొండ మీంచి తీరాన ఉన్న తాకా వైపు దిగాయి. బ్రిటిష్ సైన్యంలో ఏరికోరి తీసుకున్న ఎస్ఏఎస్ సైనికులు వాటి వెంట కాపలా నడిచారు. ఎటు నుంచి కాల్పులు వచ్చినా బదులు చెప్పడానికి 25 పౌండర్ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. పైన స్ట్రైక్‌మాస్టర్ జెట్లు చక్కర్లు కొట్టాయి. ఆవులకు జెట్ విమానాల కాపలా అంతకు ముందు ఏ సైన్యమూ పెట్టి ఉండదు.

మంద తాకా చేరింది. ఫిర్కాలు మళ్ళీ తుపాకులు పట్టాయి.

ఆ ఫిర్కాల్లో చాలామంది కాబూస్ క్షమాభిక్ష ప్రకటించాక కొండ దిగి వచ్చినవాళ్ళు. అంతకు ముందు ఆ జెట్లు కొండల్లో వెతికింది వాళ్ళనే.