ఎవుర్రా నీళ్లొదిలింది?

ఆదివారం పొద్దున్నే పాలారులో దిగాం.

మునకేయడానికి కాదు, బ్యాటింగుకు.

పేరులో పాలున్నాయి. ఏట్లో నీళ్లే లేవు.

కే.వి.కుప్పం పక్క కుర్రాళ్లకు ఇంత మైదానం ఇంకెక్కడుంది? తుమ్మకంపలు మూడు విరిచి పాతితే వికెట్లు. ఇసుక మిగిలిన చోటు పిచ్. లారీలు తోడుకుపోయిన గుంటలో బంతి పడితే రెండు పరుగులు. దిగి వెతికి తెచ్చినవాడికి టీ. (పడేవి ఎక్కువగా గుంటల్లోనే.)

2021 నవంబరులో పాలారుకు వరదొచ్చింది. జనమంతా వంతెనల మీదే, ఫోన్లెత్తి సెల్ఫీలు. ఏట్లో నీళ్లంటే వింతే కదా!

మా కెప్టెన్ ఒక్కడే మొహం మాడ్చుకున్నాడు.

"గ్రౌండులోకి నీళ్లొదిలింది ఎవుర్రా?"