మీటరు ముందు ముగ్గు

మన ఊళ్ళకి మంత్రిగారొస్తున్నారంటే ఏం జరుగుతుందో తెలిసిందే. కారు వచ్చే దారి పొడుగునా సున్నం గీతలు, కాలవ గట్టున బ్లీచింగ్ పౌడరు. పక్క సందులో పందులు పందుల్లానే ఉంటాయి. ఈ విద్య మన మునిసిపాలిటీల సొంతమనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. అనవసరంగా. యూరప్ వాళ్ళు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు.

2018 మే 31న జర్మనీలోని హాంబర్గ్ నగరం గాలి బాగుపడాలని పాత డీజిల్ బళ్ళని నిషేధించింది. ఊరంతా కాదు, రెండు వీధుల్లో. మాక్స్ బ్రాయర్ ఆలేలో 580 మీటర్ల మేర, స్ట్రెసెమాన్ వీధిలో 1.6 కిలోమీటర్ల మేర. ఈ రెండోదాంట్లో లారీలకే. కోట్ల రూపాయల ఓడలొచ్చే రేవు పట్నంలో ఈ రెండు ముక్కలే ఏం పుణ్యం చేసుకున్నాయి? గాలిని కొలిచే మీటర్లు అక్కడున్నాయి. మరి పాత డీజిల్ కారున్నాయన ఏం చెయ్యాలి? చుట్టుదారి చూపించే బోర్డులు కూడా పెట్టారు. పక్క వీధిలోంచి ఇంకాస్త దూరం తిరిగి, ఇంకాస్త పొగ వదిలి పోవాల్సొచ్చేది. పక్క వీధి వాళ్ళకీ ఊపిరితిత్తులుంటాయి కదా అంటారేమో. ఉంటాయి. మీటరు లేదు.

బెంజ్, పోర్షే కార్ల సొంతూరు స్టుట్‌గార్ట్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. అక్కడి నెకార్‌టోర్ కూడలికి జర్మనీలోకెల్లా మురికి గాలని ఏళ్ళ తరబడి పేరు. 2017లో ఆ దారి పక్కన నాచుగోడ కట్టారు. వంద మీటర్ల పొడుగు, మూడు మీటర్ల ఎత్తు. నాచు ధూళిని తినేస్తుందట. మనింట్లో నూతి చప్టా మీద నాచు పడితే కాలు జారుతుందని కొబ్బరి పీచుతో తోమి పారేస్తాం. వాళ్ళు దాన్ని చాపల్లా తెచ్చి గోడకి తగిలించి, నీళ్ళు చిలకరించి, ధూళి తినమని బతిమాలారు. ఎండలొచ్చాయి. నాచు గోధుమరంగుకి తిరిగింది. ధూళి తగ్గిన దాఖలా కనబడలేదు. మరుసటేడు చివర్లో అదే దారి పక్కన గాలిని వడగట్టే స్తంభాలు 17 నిలబెట్టారు. కార్లు మాత్రం ఆ గోడ పక్కనుంచే, ఆ స్తంభాల పక్కనుంచే పోతూ వచ్చాయి. వాటి జోలికి అంత తేలిగ్గా ఎవరు వెళతారు, ఊరికి అన్నం పెట్టేవి!

ఇంతా చేసి అంకె దిగకపోతే? ఆడలేక మద్దెల ఓడు. మీటర్లు పెట్టిన చోట్లు సరైనవేనా అని రవాణా మంత్రులకి అనుమానం వచ్చింది. మద్దెల బాగానే ఉందనుకోండి, అప్పుడు తాళం మార్చాలి. డీజిల్ పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ ఏడాది సగటు ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు దాటకూడదన్నది 2010 నుంచి యూరప్ చట్టం. 2019లో జర్మనీ పార్లమెంటు ఓ సవరణ తెచ్చింది: 50 దాటని చోట డీజిల్ బళ్ళని ఆపడం సాధారణంగా సమంజసం కాదని. అంటే 41 తప్పే, కాకపోతే శిక్షించదగ్గ తప్పు కాదు.

కొలవడం చేతకాక ఇలా చేస్తున్నారని మాత్రం అనకండి. కొలతలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. యూరోపియన్ కమిషన్‌కి ఇటలీలోని ఇస్ప్రాలో సొంత పరిశోధనశాల ఉంది. డీజిల్ కార్లకి పొగ కొలిచే పెట్టెలు తగిలించి రోడ్డెక్కించి, ల్యాబులో చూపించేదానికీ బయట వదిలేదానికీ పొంతన లేదని అక్కడివాళ్ళు 2011లోనే రాసిచ్చారు. రాసిచ్చింది బీరువాలో కూర్చుంది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ దొంగ సాఫ్ట్‌వేర్‌ని పట్టుకుని రచ్చకెక్కించింది ఎవరయ్యా అంటే, అమెరికా వాళ్ళు.

పరువు పోయాక 2017లో రోడ్డు మీదే పరీక్ష మొదలెట్టారు. సంతోషం. ఆ పరీక్ష కోసం కిలోమీటరుకి 80 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని 2.1తో హెచ్చవేశారు. 168 అయింది. కాపీ కొట్టి దొరికిన పిల్లాణ్ణి పిలిచి, "ఇకమీదట ఇన్విజిలేటర్‌ని పెడతాం నాయనా, నువ్వు భయపడకు, పాసు మార్కు 35 కాదు, 17" అన్నట్టుంది. పారిస్, బ్రస్సెల్స్, మాడ్రిడ్ నగరాలు ఇదేం న్యాయమని కోర్టుకెళ్ళి 2018 డిసెంబరులో గెలిచాయి. 2022 జనవరిలో పైకోర్టు, అసలు ఆ దావా వేసే అర్హతే మీకు లేదు పొమ్మంది. గాలి పీల్చేది నగరాలు. గాలి గురించి అడిగే అర్హత మరెవరిదో!

కోపెన్‌హాగెన్‌లో యూరప్ పర్యావరణ సంస్థ ఉంది. 1994 నుంచి కొలతలు పోగేసి నివేదికలు అచ్చేస్తోంది, నిజాయితీగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదుని మించిన సన్నధూళి వల్ల 2022లో యూరోపియన్ యూనియన్‌లో కనీసం 2,39,000 మంది చనిపోయారని దాని అంచనా. ఇలాంటి లెక్కలకి చలించిపోయిన పెద్దలు 2024లో కొత్త చట్టం చేశారు. 2030కల్లా సన్నధూళి సగటు 10 మైక్రోగ్రాములకి దిగాలట. ఆ 10 అన్నది ఆరోగ్య సంస్థ 2005లో చెప్పిన మాట. 2021లో అదే సంస్థ 10 కూడా ఎక్కువే, 5 చాలంది. 2005లో డాక్టరు రాసిన చీటీకి 2030లో మందు కొంటారన్నమాట. దుకాణం దూరమైతే 2040 దాకా గడువు కూడా ఉంది.

ఈ కథంతటిలో ఒకే ఒక్క మంచి ముక్క బ్రస్సెల్స్ పౌరులు సాధించింది. 2019 జూన్‌లో యూరప్ కోర్టు తేల్చింది: ఒక్క మీటరు దగ్గర హద్దు దాటినా దాటినట్టే, ఊరంతటి సగటు తీసి కప్పిపెట్టడానికి వీల్లేదు, మీటరు ఎక్కడ పెట్టారన్నది కోర్టులో నిలదీసే హక్కు పౌరుడికుంది.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో గాలిని కొలిచే మీటరు ఒకటి సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఒకటి జూపార్కులో, ఒకటి పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో. సనత్‌నగర్‌లో, బొల్లారంలో కూడా ఉన్నాయి, లేవంటే కళ్ళు పోతాయి. మీ ఊళ్ళో ఉంటే, అది ఏ చెట్టు నీడన ఉందో ఈ ఆదివారం వెళ్ళి చూసి రండి.