రెండొందల ఒకటో యూనిట్టు

ఇళ్లలో వెలిగే బల్బులు మూడు రకాలు: తీగ బల్బు, సీఎఫ్‌ఎల్, ఎల్‌ఈడీ. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ వరసలో ఏ ఇంటి తలుపు తట్టినా ఈ మూడూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి. చుట్టాలు కూర్చుంటారు కాబట్టి హాల్లో ఎల్‌ఈడీ, ఇంకా మాడలేదు కాబట్టి వంటింట్లో సీఎఫ్‌ఎల్, దేవుడి జోలికి ఎవరూ పోరు కాబట్టి పూజగదిలో ఎర్ర జీరో బల్బు. ఇంటి దీపాల ఎంపికలో శాస్త్రీయ ప్రాతిపదిక అంటూ ఏదైనా ఉంటే అది ఇంతవరకే.

తీగ బల్బు పుట్టింది వెలుగు కోసమే అయినా చేసే ఉద్యోగం మాత్రం సెగ పెట్టడం. లోపలి టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల దాకా కాగుతుంది. తిన్న కరెంటులో నూటికి ఐదు పాళ్లు వెలుగుగా తిరిగొస్తే గొప్ప. మిగిలిన తొంభై అయిదూ గదిని వెచ్చబెట్టడానికి పోతాయి. మే నెల హైదరాబాద్‌లో ఈ సేవ ఎవరూ కోరలేదు.

సీఎఫ్‌ఎల్ అంటే ట్యూబ్‌లైటునే జంతికలా చుట్టి, హోల్డర్‌లో పట్టేలా చేసిన సరుకు. గొట్టంలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. దాని ఆవిరిలోంచి కరెంటు పోయినప్పుడు కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు పుడతాయి. గొట్టం లోపల పూసిన తెల్లటి పొడి వాటిని కనపడే వెలుగుగా మారుస్తుంది. ఇదంతా జరిగి పూర్తి వెలుగు రావడానికి అర నిమిషమో నిమిషమో పడుతుంది. బాత్‌రూమ్‌లో పెట్టిన సీఎఫ్‌ఎల్ పూర్తిగా వెలిగేసరికి లోపలికి వెళ్లిన మనిషి బయటికొచ్చి స్విచ్ ఆపేస్తాడు. మాటిమాటికీ ఇలా వేసి తీస్తుంటే దాని ఆయుష్షు తరుగుతుంది. పెట్టె మీద రాసిన 6,000 గంటలు బాత్‌రూమ్‌కు వర్తించవు.

ఎల్‌ఈడీలో తీగా లేదు, ఆవిరీ లేదు. చిన్న అర్ధవాహకపు చిప్పు నీలి వెలుగునిస్తుంది, దాని మీది పసుపు పూతతో కలిసి అది తెల్లగా కనిపిస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, నీలం కుదరక తెలుపు మరో ముప్పై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1990ల మొదట్లో జపాన్ వాళ్లు అకసాకి, అమానో, నకమురా గాలియం నైట్రైడ్‌తో ఆ నీలాన్ని సాధించారు. 2014 అక్టోబరు 7న వాళ్లకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. సరిగ్గా ఐదు రోజులకు, 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ వీధి దీపాల్ని నేలకూల్చింది. వాటి చోట నిలబెట్టినవి ఎల్‌ఈడీలు. నోబెల్ కమిటీకీ తుఫానుకీ ఏ సంబంధమూ లేదు గానీ, తెలుగు నేల మీదికి ఎల్‌ఈడీ పెద్ద ఎత్తున దిగింది ఆ రోజుల్లోనే. హైదరాబాద్ వీధుల వంతు 2017, 2018లలో వచ్చింది. నాలుగు లక్షలకు పైగా దీపాలు మారాయి.

ప్రభుత్వాలు బల్బులు పంచడం అంతకు ముందే మొదలైంది. 2009లో కేంద్రం తెచ్చిన బచత్ ల్యాంప్ యోజన కింద పాత బల్బు ఇచ్చి 15 రూపాయలు కడితే సీఎఫ్‌ఎల్ చేతికొచ్చేది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్ కొన్ని జిల్లాల్లో 7 వాట్ల ఎల్‌ఈడీని 10 రూపాయలకే ఇచ్చింది. అక్కడా పాత బల్బు తెచ్చివ్వాల్సిందే. ఈ పథకాలకు వెలుగుతున్న బల్బును హోల్డర్‌లోంచి తీసి ఇచ్చిన ఇల్లాలు చరిత్రలో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. 2015 జనవరి 5న దేశమంతటికీ మొదలైన పథకమే తర్వాత ఉజాలా అయింది. ఈఈఎస్‌ఎల్ అనే ప్రభుత్వ సంస్థ కోట్ల లెక్కన టెండర్లు పిలిచేసరికి, 2014 ఆరంభంలో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర మూడేళ్లలోపే నలభై లోపుకు దిగింది. సీఎఫ్‌ఎల్ వ్యాపారాన్ని చంపింది సాంకేతికత కన్నా ఈ బేరమే. ఇవాళ కొత్తపేటలో ఎలక్ట్రికల్ షాపుకెళ్లి సీఎఫ్‌ఎల్ అడిగితే షాపతను వెనక అరలోంచి దుమ్ము దులిపి తెచ్చిస్తాడు, లేదా అడిగిన వాణ్ని కింది నుంచి పై దాకా ఒకసారి చూస్తాడు.

వెలుగును కొలవాల్సింది ల్యూమెన్లలో. వాట్లు తిండి లెక్క, ల్యూమెన్లు పని లెక్క. 60 వాట్ల తీగ బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇస్తుంది. దానికి కాస్త అటూఇటూగా 15 వాట్ల సీఎఫ్‌ఎల్ 850, 9 వాట్ల ఎల్‌ఈడీ 900 దాకా ఇస్తాయి. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంతవరకు ల్యూమెన్ అనే మాట పలికిన గిరాకీ లేడు. "అన్నా, తొమ్మిది వాట్లదియ్యి" అంటేనే బల్బు బయటికొస్తుంది. తిండిని బట్టి పని అంచనా వేయడం పెళ్లి సంబంధాల్లో ఎప్పుడో పోయింది, బల్బుల దగ్గర మిగిలింది.

ఇక లెక్క. రోజుకు ఆరు గంటల చొప్పున నెల రోజులు వెలిగితే 60 వాట్ల బల్బు 10.8 యూనిట్లు కాలుస్తుంది. సీఎఫ్‌ఎల్ 2.7, ఎల్‌ఈడీ 1.62. అంటే తీగ బల్బు నుంచి సీఎఫ్‌ఎల్‌కు మారినప్పుడే ఎనిమిది యూనిట్లు మిగిలిపోయాయి. సీఎఫ్‌ఎల్ నుంచి ఎల్‌ఈడీకి మారితే మిగిలేది 1.08 యూనిట్టు. యూనిట్టు 4 రూపాయల 80 పైసల శ్లాబులో నెలకు ఐదు రూపాయల చిల్లర. వంద పెట్టి కొన్న ఎల్‌ఈడీ తన ఖరీదు తాను తెచ్చుకోవడానికి దాదాపు ఇరవై నెలలు పడుతుంది. కాబట్టి వెలుగుతున్న సీఎఫ్‌ఎల్‌ను పీకి ఎల్‌ఈడీ పెట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదని తేలుతుంది. ఇది అన్ని ఊళ్లకూ సరిపోయే లెక్క. ఎల్బీనగర్‌కు చాలదు.

కారణం 200 అనే అంకె. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద, అర్హత ఉన్న రేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. అద్దెకున్న వాళ్లకూ వర్తిస్తుంది. మీటరు 200 దాటిందా, దాటిన ఒక్క యూనిట్టుకు కాదు, మొత్తానికి కట్టాలి. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 దాటిన వాళ్లకు మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసలు. అంటే 201కి ఇతర చార్జీలు కాకుండా 1,027 రూపాయల 70 పైసలు. మామూలు యూనిట్టు ఐదు రూపాయలైతే, రెండొందల ఒకటో యూనిట్టు వెయ్యి రూపాయల పైమాట. గృహజ్యోతి లేని ఇళ్లకూ ఈ గండం ఉంది. సరిగ్గా 200 దగ్గర ఆగితే 820, ఒక్కటి ఎక్కువైతే అదే 1,027. ఒక బల్బును సీఎఫ్‌ఎల్ నుంచి ఎల్‌ఈడీకి మారిస్తే మిగిలేది నెలకు ఒక్క యూనిట్టే గదా. ఆ ఒక్కటి ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

అందుకే నెలాఖరులో మెట్ల కింద మీటర్ల బోర్డు దగ్గర సెల్‌ఫోన్ టార్చి వెలుగులో లెక్కల పరీక్ష జరుగుతుంది. కింది పోర్షన్ వాళ్లది 186, వెనక పోర్షన్ వాళ్లది 174, తమది 197. రీడింగ్ తీసే అతను ఇవాళే వస్తే బాగుండునని మొక్కుకుంటారు, ఎల్లుండి వస్తాడేమోనని భయపడతారు. ఇంటి పెద్ద ఆ పూట నుంచి గది గదికీ తిరిగి బల్బులు ఆపుతూ పోతాడు. "ఎవరూ లేని గదిలో లైటెందుకురా?" అన్న కేకకు "నాన్నా, ఇక్కడే ఉన్నా" అని చీకట్లోంచి జవాబొస్తుంది. అదే సమయంలో 2,000 వాట్ల గీజరు అరగంటగా కాగుతూ ఉంటుంది. ఆ అరగంటకు ఒక యూనిట్టు. అదే యూనిట్టుతో 9 వాట్ల ఎల్‌ఈడీ ఏకబిగిన 111 గంటలు, అంటే నాలుగున్నర రోజులకు పైగా వెలుగుతుంది. అయినా గీజరును ఎవరూ ఏమీ అనరు. అది బాత్‌రూమ్‌లో పైన ఉంటుంది, బల్బు కళ్లెదుట ఉంటుంది. పొదుపు ఎప్పుడూ కనపడే వాటి మీదే సాగుతుంది.

జీరో బల్బుకు విడిగా ఒక మాట దక్కాలి. రాత్రంతా పడగ్గదిలోనో పూజగదిలోనో వెలిగే ఈ చిన్న రంగు బల్బు పేరుకు జీరో గానీ, 12 నుంచి 15 వాట్ల దాకా తింటుంది. పాత చక్రం మీటర్లు అంత చిన్న వాడకానికి కదిలేవి కావు కాబట్టి జనం దృష్టిలో అది సున్నా. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరుకు ఆ మొహమాటం లేదు. 15 వాట్లది రాత్రికి తొమ్మిది గంటలు వెలిగితే నెలకు నాలుగు యూనిట్లు. హాలు మొత్తాన్ని వెలిగించే ఎల్‌ఈడీ తినేదానికి రెండింతలకు పైగానే. జీరో బల్బు వల్ల జీరో బిల్లు పోయిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క తీయలేదు. అర వాటు ఎల్‌ఈడీ నైట్ బల్బు పెడితే ఆ నాలుగు యూనిట్లూ దాదాపు పూర్తిగా మిగులుతాయి. ముందు మార్చాల్సింది దీన్నే. ఆ తర్వాత రాగి చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు. చోకుతో కలిపి అది 50 వాట్ల దాకా లాగుతుంది, 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ అదే పని చేస్తుంది. పాత ట్యూబ్‌లైటు పోతే నష్టపోయేది బల్లి ఒక్కటే. లావుపాటి పట్టీ వెనక దానికి అద్దె లేని పోర్షన్, గుమ్మం ముందు పురుగుల భోజనం ఉండేవి. ఎల్‌ఈడీ పట్టీ సన్నం, అతినీలలోహిత కిరణాలు దాదాపు లేవు కాబట్టి పురుగులూ తక్కువే. తొలకరి ఉసిళ్లు మాత్రం ఏ సాంకేతికతనూ గౌరవించవు. వాటికి ఏ లైటైనా ఒకటే.

ఎల్‌ఈడీ కొనడానికి ఈ ప్రాంతంలో మూడు దారులున్నాయి. కాలనీ షాపులో పేరున్న కంపెనీది కొంటే షాపతను తెల్లటి ఒంటి మీద మార్కరుతో తేదీ రాసిస్తాడు. వారంటీ పత్రం అదే. తడిగుడ్డతో తుడిచిన నాడు వారంటీ తీరిపోతుంది. రెండోది కోఠి దగ్గరి ట్రూప్ బజార్. అక్కడ డజన్ల లెక్కన చవక గానీ, ఒక్క బల్బు కోసం ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దాకా మెట్రోలో పోయి వస్తే మిగిలింది టికెట్టుకే సరి. మూడోది దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్. చెక్క మీద వరసగా హోల్డర్లు బిగించి, పెట్టెల్లేని బల్బులు వెలిగించి పెట్టి, వందకు మూడని అమ్ముతారు.

"గ్యారంటీ ఉందా అన్నా?"

"గ్యారంటీ కావాల్నంటే షాపుకు పోవాలె గద సార్. గిది మస్తు దినాలొస్తది."

ఆ మస్తు దినాలు ఎన్నన్నది బల్బు లోపలి డ్రైవరు మీద ఆధారపడి ఉంటుంది. ఎల్‌ఈడీ చిప్పు నిజంగానే పాతిక వేల గంటలు బతకగలదు. ముందు పోయేది దానికి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవరులోని కెపాసిటర్, దాన్ని పోగొట్టేది వేడి. అందుకే బరువు చూసి కొనడంలో అర్థం లేకపోలేదు. వేడిని బయటికి లాగే అల్యూమినియం లోపల ఉంటే బల్బు చేతికి బరువు తగులుతుంది. వెలుగుతున్న బల్బుకు ఫోన్ కెమెరా ఎదురుపెడితే తెర మీద నల్లటి చారలు పాకడం మరో గుర్తు, డ్రైవరు నాసిరకం. పెట్టె మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, స్టార్ లేబుల్ ఉన్నాయేమో చూడటం ఇంకా తేలిక. మంచి బల్బునైనా గాలాడని గాజు డోము లోపల బిగిస్తే ఆయుష్షు తరుగుతుంది. చిప్పులన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి మాడితే మొత్తం ఆరిపోతుంది. గల్లీ మెకానిక్ మూత ఊడదీసి, నల్లచుక్క పడ్డ చిప్పును టంకంతో దాటవేస్తే మళ్లీ వెలుగుతుంది. పోయిన దాని బరువు మిగతావి మోస్తాయి కాబట్టి అవీ తొందరగానే దారి పడతాయి.

రంగు విషయంలో ఇక్కడి జనం ఒక్కమాట మీద ఉన్నారు: 6,500 కెల్విన్ల తెలుపు. 2,700 కెల్విన్ల పసుపు వెలుగు కంటికి చల్లగా ఉన్నా, ఓల్టేజీ తక్కువైందేమోనని ఎలక్ట్రీషియన్‌ను పిలిచే వాళ్లున్నారు. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపడంలో మాత్రం పాత తీగ బల్బే మేలు. సీఆర్‌ఐ అనే కొలతలో దానికి దాదాపు నూరు మార్కులు, సీఎఫ్‌ఎల్, ఎల్‌ఈడీలకు ఎనభై చుట్టూ. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో ఆడవాళ్లు చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండలో తిప్పి చూడటం వెనక ఉన్న శాస్త్రం ఇదే. సేల్స్‌మ్యాన్ దాన్ని అనుమానం అనుకుంటాడు.

స్విచ్ ఆపాక కూడా ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటే దయ్యం పట్టినట్టు కాదు. స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్ తీగకు కలిపినా, స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నా, ఎంతో కొంత కరెంటు జారుతుంది. తీగ బల్బుకు అది ఆనదు. ఎల్‌ఈడీకి అంతే చాలు. వైర్లు సరిగా మార్పిస్తే, ఇండికేటర్ ఉంటే తీయిస్తే పోతుంది. ఈలోగా గురువారం సాయిబాబా గుడికి వెళ్లిరావడం వల్ల నష్టం లేదు గానీ, బల్బు మార్చేటప్పుడు షాకు కొట్టే ప్రమాదం ఉన్నది న్యూట్రల్‌కు స్విచ్ కలిపిన వైరింగుతోనే.

పాడైన సీఎఫ్‌ఎల్‌ను చెత్త ఆటోలో పడేయకూడదు. పాదరసం ఉంది కాబట్టి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. ఇంట్లో పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పది పదిహేను నిమిషాలు బయట ఉండాలి. చీపురు వాడకుండా ముక్కల్ని అట్టముక్కతో ఎత్తి, మూత ఉన్న సీసాలో వేయాలి. పగలని సీఎఫ్‌ఎల్ మాత్రం ఆచరణలో సజ్జ మీదికి చేరుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వచ్చిన రోజున ఎన్ని బల్బులున్నాయో అన్నీ ఉండాలని ఓనరు షరతు పెట్టి ఉంటాడు, వెలగాలని పెట్టి ఉండడు. అద్దెకున్న వాళ్లు తమ ఎల్‌ఈడీలు తీసి అట్టపెట్టెలో సర్దుకుని, సజ్జ మీది మాడిన సీఎఫ్‌ఎల్‌లను గదికొకటి చొప్పున హోల్డర్లలో బిగించి, తాళాలు అప్పగించి, అడ్వాన్సు వెనక్కి తీసుకుంటారు.