పిక్కకు పన్ను లేదు, పప్పుకు ఉంది

ఉద్దానం తోటల్లో చెట్టు కింద రాలిన జీడిపిక్కకూ, పలాస–కాశీబుగ్గ పరిశ్రమల్లో ఉడికి, ఎండి, పొట్టు వదిలించుకున్న పప్పుకూ మధ్య ఉన్నది ఒక గట్టి పెంకు మాత్రమేనని వృక్షశాస్త్రం భావించవచ్చు గాని, ఆదాయపు పన్ను చట్టానికి ఆ పెంకులో రెండు రాజ్యాల సరిహద్దు కనిపించింది. పిక్కలను 80 కిలోల బస్తాలకెత్తి అమ్మే రైతుకు వచ్చేది వ్యవసాయాదాయం, అంటే భూమిని సాగుచేసి పొందిన రాబడి, కనుక దానికి పన్ను లేదు; అదే రైతు పెరట్లో కూర్చుని పిక్క కొట్టి పప్పు తీసి అమ్మితే, పిక్కల బజారు ధర మేరకు ఆయన కృషీవలుడు, ఆపైన మిగిలిన లాభం మేరకు వ్యాపారి. ఒకే మనిషి ఒకే గోనెసంచి మీద కూర్చుని ఏకకాలంలో రెండు అవతారాలు ఎత్తడం పురాణాల్లోనూ అరుదు. పైగా వ్యాపారాదాయం పన్ను పరిమితి దాటినవారి విషయంలో, 5,000 రూపాయలు మించిన వ్యవసాయాదాయాన్ని పన్ను రేటు తేల్చడానికి మాత్రం కలిపి లెక్కిస్తారు. అది పన్ను కాదట, ఉత్త పలకరింపట.

పెంకుకు అవతలి రాజ్యంలో చట్టం కవిత్వానికి మరింత దగ్గరవుతుంది. చిన్న వ్యాపారి పద్దులు రాయలేడన్న దయతో 1961 నాటి చట్టం 44ఏడీ సెక్షన్‌లో ఊహాజనిత ఆదాయమనే పద్ధతిని నెలకొల్పగా, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 నాటి కొత్త చట్టంలో అది 58వ సెక్షన్‌గా పునర్జన్మ ఎత్తింది. టర్నోవరు, అంటే ఏడాది మొత్తం అమ్మకాల విలువ, 2 కోట్ల రూపాయలు మించనివారు, నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 3 కోట్లు మించనివారు, అందులో 8 శాతాన్ని లాభంగా ఒప్పుకుంటే లెడ్జర్లు తెమ్మని ఎవరూ అడగరు. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన సొమ్ము మీదనైతే 6 శాతం చాలు. గుండయినా బద్దయినా, కొన్నవాడు నోట్లు లెక్కపెట్టి ఇస్తే నూటికి 8, ఫోను చూపిస్తే నూటికి 6 మిగులుతుందని చట్టం నమ్మిందన్నమాట. నోటుకు గల్లాపెట్టెలో పిల్లలు పెట్టే గుణం ఉందని ఇంతకు ముందు ఏ అర్థశాస్త్రవేత్తా కనిపెట్టినట్టు లేదు.

ఈ నమ్మకం ఖరీదు పైసలతో సహా తేల్చవచ్చు. 2025–26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయం గల వ్యక్తికి రిబేటు, అంటే లెక్కగట్టిన పన్నును మాఫీ చేసే రాయితీ, వర్తిస్తుంది. వేరే ఆదాయం లేని వర్తకుడు సరిగ్గా 2 కోట్ల పప్పు అమ్మి మొత్తం బ్యాంకులో వేయించుకుంటే ఊహాలాభం 12 లక్షలు, పన్ను సున్న. అదే పప్పును అదే ధరకు నోట్లకు అమ్మితే ఊహాలాభం 16 లక్షలు, సెస్సుతో కలిపి పన్ను 1,24,800 రూపాయలు. దుకాణం గోడకు అతికించిన క్యూఆర్ అట్టముక్క ఆ ఊళ్లో అందరికంటే గొప్ప ఆడిటరని ఒప్పుకోక తప్పదు. అయితే ఆ సొమ్ము రిటర్ను గడువు లోపలే ఖాతా చేరాలి, అసలు లాభం 6 శాతం కన్నా ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి. ఈ రెండో షరతు సంతలో ఎవరి చెవికీ సరిగ్గా వినబడదు.

చట్టం దయకు నోచుకోనివాడు దళారీ. రైతుకూ పరిశ్రమకూ నడుమ తిరిగి కమీషను మీద బతికేవారికి ఈ పద్ధతి నిషిద్ధం కనుక, దుకాణమే లేని మనిషి పెట్రోలు బిల్లులన్నీ దాచి పద్దులు రాయాలి, కోటిన్నర వ్యాపారం చేసే షావుకారు మాత్రం ఒక్క అంకె వేసి చేతులు దులుపుకోవచ్చు. పద్దులు రాసేవారు ఒకరికి ఒక రోజున 10,000 రూపాయలు మించి నగదు చెల్లిస్తే అది ఖర్చుగా చెల్లదు. పంట పండించిన రైతుకే నేరుగా ఇస్తే చెల్లుతుంది, మధ్యవర్తికి ఇస్తే చెల్లదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలనూ కొబ్బరితోటలనూ నేలమట్టం చేసినప్పుడు కూడా ఊహాజనిత లాభం మాత్రం వేళ్లతో సహా నిటారుగా నిలిచింది, ఎందుకంటే ఈ పద్ధతిలో నష్టమన్న మాటకు గడి లేదు. నష్టం చూపదలచినవారు పద్దులతో బయటికి రావాలి. ఆ పద్ధతిలో చేరిన 5 ఏళ్లలోపు అలా వచ్చినవారికి తరువాతి 5 ఏళ్లు లోపలికి దారి ఉండదు. లోపల ఉన్నవారు ముందస్తు పన్నును, అంటే ఏడాది ముగియకుండానే ఆ ఏడాది ఆదాయం మీద కట్టవలసిన దాన్ని, మార్చి 15లోగా ఒకే విడతలో చెల్లించాలి. అప్పటికి ఉద్దానంలో పిక్కలు చాలావరకు కొమ్మల మీదే ఉంటాయి.

తరుగుదల సంగతి మరీ విచిత్రం. యంత్రాలూ షెడ్లూ ఏటా అరిగినంత మేర ఖర్చు రాసుకునే ఈ సదుపాయాన్ని ఊహాజనిత పద్ధతిలో అడగనక్కరలేదు, ఎందుకంటే ఇవ్వకుండానే ఇచ్చేసినట్టు చట్టం భావిస్తుంది. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండలోనే వెలసిన మల్లికార్జునుడికీ, బాయిలరూ రేకుల షెడ్డూ ఉన్న జీడి వర్తకుడికీ ఈ విషయంలో తేడా లేదు. ఉన్న తేడా అల్లా, మల్లన్నకు మార్చి 15 గడువు లేదు.