దెయ్యానికి పాస్‌పోర్టు

(రాజమండ్రి, గోదావరి గట్టు. సాయంత్రం. ముగ్గురు: సభలుంటే తప్ప నవ్వని విమర్శకుడు, ఒకప్పుడు నవలలు అద్దెకిచ్చిన కొట్లో ఇప్పుడు జిరాక్స్ తీస్తున్న కొట్టాయన, ఇంజినీరింగ్ కుర్రాడు.)

విమర్శకుడు: ఏరా అబ్బాయ్, పుస్తకం వెనకనుంచి చదువుతున్నావేం? పరీక్షల ముందు అలవాటా?

కుర్రాడు: మాంగా మాస్టారూ! జపాన్ బొమ్మల కథలు కుడి నుంచి ఎడమకే చదవాలి. ఇది దండదాన్. యుకినోబు తత్సు 2021లో మొదలెట్టాడు. అమ్మాయేమో దెయ్యాలున్నాయంటుంది, గ్రహాంతరవాసుల్ని నమ్మదు. అబ్బాయేమో సరిగ్గా తిరగేసి. పందెం కాస్తే రెండూ ఉన్నాయని తేలుతుంది.

కొట్టాయన: మరి ప్రేమెక్కడ్రా?

కుర్రాడు: ఆ పరుగుల మధ్యలోనే బాబాయ్. టర్బో బామ్మ అనే దెయ్యం ఆ కుర్రాణ్ణి పడుతుంది. వాడి దగ్గర ఏం ఎత్తుకుపోయిందో మాస్టారి ముందు చెప్పలేను.

విమర్శకుడు: ఛీ, క్షుద్రం! 1980ల్లో ‘తులసిదళం’ నవల మీద కూడా ఇలాగే దుమ్మెత్తిపోశాను. చేతబడులూ, కాష్మోరా అనే క్షుద్రశక్తులూ! జాతి శాస్త్రీయ దృష్టికి పట్టిన చీడ!

కొట్టాయన: ఆయ్, గుర్తేనండి. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్. మీరు తిట్టిన వారం మా కొట్లో గిరాకీ ఇంకాస్త పెరిగేదండి. రాసింది మన రాజోలులో పుట్టిన యండమూరి గారే కదండీ.

కుర్రాడు: రాజోలా? అక్కడ కొబ్బరికాయలు గానీ హారర్ కూడా దొరుకుద్దా బాబాయ్?

కొట్టాయన: అంతకుముందే, 1978లో, విఠలాచార్య గారి ‘జగన్మోహిని’ సినిమా వచ్చింది. జయమాలిని దెయ్యమై మనిషిని వలచి, కట్టెల బదులు కాళ్లు పొయ్యిలో పెట్టి వండింది. అందులో ప్రేమ లేదా, భయం లేదా?

కుర్రాడు: అది క్రింజ్ బాబాయ్. ఇది లోర్.

విమర్శకుడు: రెండూ చెత్తే.

కుర్రాడు: జపాన్‌లో అలా అనరు మాస్టారూ. మిజుకి షిగెరు అని, దెయ్యాల కథలు గీసిన పెద్దాయన. ఆయన పెరిగిన సకాయ్‌మినాటోలో ఆయన పేర ఓ వీధే ఉంది. దాని పొడుగునా 170కి పైగా దెయ్యాల కంచు విగ్రహాలు. మ్యూజియం కూడా.

విమర్శకుడు (కండువా సర్దుకుని): కంచువా? ముందే చెప్పవేం! అయితే అది జానపద చైతన్యం. సమాజపు లోలోపలి భయాలకు రేఖారూపం. ఆనం కళాకేంద్రంలో సదస్సు పెట్టాల్సిందే.

కొట్టాయన: అలాగే మన రాజోలు సెంటర్లో కాష్మోరా విగ్రహం ఒకటి...

విమర్శకుడు: మూఢనమ్మకం! కలెక్టరుకి అర్జీ నేనే పెడతా.

కొట్టాయన: అంటే దెయ్యం విమానం దిగితే చైతన్యం, రాజోలు బస్సు దిగితే మూఢనమ్మకం. అంతేనాండీ?

విమర్శకుడు: దూరంలోనే అందముందయ్యా. ఇది సాహిత్య సూత్రం.

కొట్టాయన: ఆయ్. ఒరే, పోనీ నువ్వన్నా ‘తులసిదళం’ చదువుతావేంట్రా? ఉత్తినే ఇస్తాను.

కుర్రాడు: తెలుగు చదవాలంటే లేటవుద్ది బాబాయ్. జపానోళ్లు ఎనిమే తీస్తే మొదటి రోజే చూస్తా.

కొట్టాయన: అయితే ఓ పని చేస్తానండి. అటక మీద పాత నవలలు ట్రంకుపెట్టెల నిండా మూలుగుతున్నాయి. కుట్లు విప్పించి, కుడివైపు నుంచి తెరుచుకునేలా బైండింగు చేయిస్తా. అట్ట మీద జపాన్ రాతలా ఓ నాలుగు గీతలు. లోపల ఒక్క అక్షరం మార్చను.

విమర్శకుడు: ముందుమాట నాది!

కుర్రాడు: రీల్ నాది!

కొట్టాయన: సంతోషమండి. ముందుమాటలో రాజోలు పేరు మాత్రం రానివ్వకండి మేస్టారూ. గిరాకీ పడిపోద్ది.