వైరస్ గారికి సన్మానం

2020 ఏప్రిల్‌లో దేశంలో పర్యావరణ ప్రేమికులందరికీ ఒకేసారి పూనకం వచ్చింది. జలంధర్ మేడల మీద నుంచి ధౌళాధర్ కొండలు కనపడ్డాయి. వాట్సాప్ నిండా హిమాలయాలే. ఇంత ఘనకార్యం చేసిందెవరు? మంత్రులు కాదు, మహాసభలు కాదు, కంటికి ఆనని కరోనా వైరస్. అలాంటి మహానుభావుడికి సఖినేటిపల్లి రేవులో ఓ సన్మానసభ పెట్టి, శాలువా కప్పకపోతే ఎలా?

వేదికగా సఖినేటిపల్లే ఎందుకంటే, ఇక్కడ లాక్‌డౌన్ అర్థం కావడానికి గ్రాఫులు అక్కర్లేదు. వశిష్ఠ గోదావరికి ఇటు సఖినేటిపల్లి, అటు నరసాపురం, మధ్యలో పంటు. మామూలు రోజుల్లో మోటారుసైకిళ్లు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, బిడ్డను చంకనేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే తల్లి, అందరూ దాని మీదే. అప్పట్లో ఇది తూర్పుగోదావరి, అది పశ్చిమగోదావరి. జిల్లా దాటడానికి పాసు కావాలన్న ఆ రోజుల్లో ఎదురుగా కనపడే నరసాపురం కువైట్ కన్నా దూరమైపోయింది.

సభలో మొదటి వక్త అంకెల పండితుడు. “ఆయ్, వినండి. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం రోజూ వదిలే కార్బన్ డయాక్సైడ్ 2019 సగటు కన్నా 17 శాతం తగ్గిందండి. మన దేశంలో అయితే ఒక దశలో 26 శాతం!” చప్పట్లు మోగాయి.

వెనక నుంచి కొబ్బరి దింపు కార్మికుడొకడు లేచాడు. “ఊళ్లకి ఊళ్లే తలుపులేసుకుంటే తగ్గింది 17 అన్నారు కదండి. మరి ఆ మిగతా 83 ఎవరు వదిలారండి?”

పండితుడు మంచినీళ్లు అడిగాడు. బొగ్గు కరెంటు కేంద్రాలు, ఉక్కు, సిమెంటు కొలుములు పూర్తిగా ఆగలేదని చెబితే సభ పాడవుతుందని ఆయన బెంగ. పైగా ఆ 17 శాతానికి మూల్యం ఎవరు చెల్లించారో ఎవరూ ఎత్తలేదు. నెత్తిన మూటలతో, కాళ్లు బొబ్బలెక్కేలా వందల మైళ్లు నడిచిన వలస కూలీలకు వేదిక మీద కుర్చీ వేయలేదు మరి.

రెండో వక్త వాతావరణ శాస్త్రవేత్త, ఏడుపు మొహంతో వచ్చాడు. విమానాలు ఆగిపోవడంతో అవి ఎగురుతూ పంపే వాతావరణ కొలతలు 75 నుంచి 80 శాతం పడిపోయాయి. ఆర్కిటిక్ మంచులో ఏడాదిపాటు పరిశోధనకు దిగిన పోలార్‌స్టెర్న్ నౌక, సిబ్బందిని మార్చుకోవడానికి తన మంచుఫలకాన్నే వదిలి రావాల్సి వచ్చింది. గ్లాస్గో వాతావరణ సదస్సు ఏడాదిపాటు వాయిదా పడింది. భూతాపం మాత్రం వాయిదాకు ఒప్పుకోలేదు.

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచీ గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారు. 2019 మేలో సగటు 414.7 పీపీఎం. లోకమంతా ముసుగేసుకున్న 2020 మేలో 417.1. తగ్గలేదు, పెరిగింది! రొయ్యల చెరువుకి నీళ్లు తోడే మోటారు స్పీడు ఆరో వంతు తగ్గిస్తే చెరువు ఎండుతుందా? నిండడం కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఢిల్లీ మీద పొగ వానకి కొట్టుకుపోతుంది గానీ, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు కదలదు. ఆ ఏటి తగ్గుదల వల్ల 2050 నాటికి మిగిలే చల్లదనం 0.01 డిగ్రీకి మించదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క తేల్చింది.

ఇక ముఖ్య అతిథి సర్కారు వారు. జనం ఇంకా మాస్కుల కోసం వెతుక్కుంటున్న 2020 జూన్ 18న, ప్రధాని 41 బొగ్గు గనుల వేలం ప్రారంభించారు. మరుసటి ఏడు గ్లాస్గోలో నెట్ జీరోకి 2070 అని ముహూర్తం పెట్టారు. సన్మానగ్రహీత దండ తీసి బల్ల మీద పెట్టి, “నేను మనుషుల్ని ఆపగలిగాను గానీ బొగ్గును ఆపలేకపోయానండి” అని ఒప్పేసుకున్నాడు.

2020 ఆగస్టులోనే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక మోగింది. కోనసీమ లంకలు మునిగాయి. 2022 జులైలో గోదావరి మళ్లీ వచ్చింది, 25 లక్షల క్యూసెక్కులకు పైగా. అంతర్వేది దగ్గర సముద్రం ముందుకు జరుగుతూనే ఉంది. మౌనా లోవా అంకె 2025 మేలో 430 దాటింది.

కాబట్టి, ఓట్లకు వచ్చే నాయకుణ్ని రేవులోనే నిలబెట్టి రెండు ప్రశ్నలు అడగండి: ఏటిగట్టు ఎప్పటికి పటిష్ఠం చేస్తారు, బొగ్గు ఎప్పటిదాకా తవ్వుతారు? సమాధానం చెప్పాకే పంటు ఎక్కనివ్వండి.